పాలదవడ పన్ను ముందే పోతే ఆ ఖాళీని కాపాడుకోవడం ఎలా

పాలపళ్లు ఎలాగూ ఊడిపోయేవే కదా అన్న మాట నిజమే గాని, ఏ పన్ను ఎప్పుడు ఊడాలన్నదానికి ఒక వరుస ఉంది. ముందరి పాలపళ్లు ఆరేడేళ్లకు ఊడడం మొదలైతే, వెనుకనుండే పాలదవడ పళ్లు పదీ పన్నెండేళ్ల దాకా నిలవాలి. పుచ్చు ముదిరి వాటిలో ఒకదాన్ని ఐదారేళ్లకే తీయవలసివస్తే, పక్క పళ్లు ఆ ఖాళీలోకి ఒరిగి, ఎముకలో ఇంకా తయారవుతున్న శాశ్వత దంతానికి చోటు లేకుండా చేస్తాయి. పళ్లు ఇలా జరగడం ఎక్కువగా మొదటి ఆరు నెలల్లోనే ఉంటుంది కనుక, ఖాళీ సంగతిని పన్ను తీయించే రోజునే వైద్యుని అడగాలి.

అంతకంటే ముందు అడగవలసింది, ఆ పన్ను నిలబెట్టే వీలుందా అని. లోపలి చీమును శుభ్రపరచి, మందు నింపి, పైన స్టీలు తొడుగు వేయించగలిగితే, ఖాళీని కాపాడే ఏ పరికరమూ ఆ పన్నుకు సాటిరాదు.

తీయక తప్పదన్నప్పుడు ఎక్స్‌రే అవసరం. కింద శాశ్వత దంతం అసలు ఉన్నదా, దాని వేరు ఎంతవరకు ఏర్పడింది, పైన ఎముక ఎంత మందాన ఉంది అన్నవి అందులో తెలుస్తాయి. దంతం త్వరలోనే మొలవబోతుంటే పరికరం అక్కరలేదు. చాలామంది తల్లిదండ్రులు ముందుపన్ను పోతే కంగారుపడి, దవడపన్ను పోతే ఊరుకుంటారు. పాల కోరపళ్లు వచ్చిన తరువాత ముందరి ఖాళీ మూసుకుపోవడం అరుదు గనుక, అక్కడ పన్ను పెట్టించడం సాధారణంగా అందం కోసం, మాట స్పష్టత కోసం మాత్రమే.

ఒక పక్క ఒకే దవడపన్ను పోయినప్పుడు సాధారణంగా వేసేది బ్యాండ్ అండ్ లూప్. పక్క పన్నుకు స్టీలు పట్టీ సరిచూసి, అచ్చు తీసి, దానిపై ఖాళీకి అడ్డంగా తీగ అతికించి, తరువాతి సందర్శనలో సిమెంటుతో బిగిస్తారు. మత్తు అవసరం ఉండదు. కింది దవడలో రెండు పక్కలా పళ్లు పోతే నాలుక వైపు తీగ వేస్తారు. అయితే కింది శాశ్వత ముందుపళ్లు మొలవకముందు దాన్ని వేయరు. ఆరేళ్లప్పుడు మొలిచే శాశ్వత దవడపన్ను చిగురు దాటకముందే దాని ముందున్న పాలపన్ను పోతే, చిగురులోపలికి దిగే ప్రత్యేక పరికరం కావాలి. బిడ్డకు గుండెజబ్బు గాని, రోగనిరోధక లోపం గాని ఉంటే అది తగకపోవచ్చు కనుక ఆ సంగతి ముందే చెప్పాలి.

బిగించాక జీళ్లు, పల్లీపట్టీ, చూయింగ్ గమ్, ఐసుముక్కలు మానిపించాలి, చెరకు కొరకనివ్వకూడదు. తీగ కింద ఆహారం నిలుస్తుంది గనుక రాత్రి బ్రష్ చేయించే బాధ్యత పెద్దలదే. పట్టీ వదులైతే లోపల సిమెంటు కరిగి ఆధారపు పన్నే పుచ్చవచ్చు. కాబట్టి నొప్పి లేకపోయినా మూడు నుంచి ఆరు నెలలకొకసారి చూపించాలి. ఊడివస్తే ముక్కలు పారేయక వెంటనే తీసుకువెళ్లాలి.

ఇప్పటికే ఖాళీ తగ్గిపోయి ఉంటే ఈ పరికరం దాన్ని తిరిగి తెరవదు. పళ్లను వెనక్కు జరిపే వేరే చికిత్స అవసరమవుతుంది. తీగ మధ్య నుంచి కొత్త దంతపు మొన కనబడగానే ఆలస్యం చేయక పరికరాన్ని తీయించాలి, లేకుంటే అదే దంతానికి అడ్డవుతుంది.