శ్రీకాకుళం తీరం: పల్లెవెలుగులో ఒక్కరోజు

ఆదివారం వద్దు, అరసవల్లి సూర్యదేవుడి గుడి క్యూలోనే పూట గడిచిపోతుంది. రైల్లో వస్తే శ్రీకాకుళం రోడ్ స్టేషన్‌లో దిగాలి. పేరు అదేగానీ స్టేషన్ ఉన్నది ఆమదాలవలసలో. అక్కణ్ణుంచి బస్సులో శ్రీకాకుళం కాంప్లెక్స్‌కి, అంటే ఆర్టీసీ బస్టాండుకి రండి.

పొద్దున్నే అరసవల్లి. మధ్యాహ్నం గుడి మూసేలోపు శ్రీకూర్మం, కూర్మావతారం గుడి: రెండు ధ్వజస్తంభాలు, నక్షత్ర తాబేళ్లు చూడకుండా కదలొద్దు.

ఎండ తగ్గాక శాలిహుండం కొండ. పైన ఇటుక స్తూపం పునాది బండిచక్రం ఆకుల్లా పరుచుకుని ఉంటుంది, కింద వంశధార. నీడ తక్కువ, మనిషికో లీటరు నీళ్లు ఉండాలి.

చివరికి కళింగపట్నం. ఏరు సముద్రంలో కలిసేచోట కాలికింద ఇసుక జారుతుంది, స్నానాలకు దిగొద్దు. తిరుగు ఆఖరి బస్సెప్పుడో దిగేటప్పుడే కండక్టర్ని అడగండి. తప్పిపోతే ఆటోవాడు అడిగిందే రేటు.