పాత నాట్ విమానం కిట్ మొదలుపెట్టే ముందు

ప్లాస్టిక్ మోడల్ కిట్ల కంపెనీ ఎయిర్‌ఫిక్స్ వారి 1/72 స్కేల్ (అసలు విమానంలో 72వ వంతు) ఫోలాండ్ నాట్ జెట్ విమానం కిట్ పాత పెట్టె దొరికిందా? గమ్ తీసే ముందు ఇవి చూసుకోండి.

- ఇది రెండు సీట్ల ట్రైనర్ (శిక్షణ విమానం). 1965, 1971 యుద్ధాల్లో మనవాళ్లు నడిపింది ఒంటి సీటు నాట్. రంగు మార్చినంత మాత్రాన ఈ ట్రైనర్ ఆ ఒంటి సీటు నాట్ అయిపోదు.
- ముక్కలన్నీ ఉన్నాయో లేదో సూచనల కాగితంతో సరిపోల్చండి. ముఖ్యంగా కానోపీ (కాక్‌పిట్ మీది పారదర్శక కప్పు). పగిలితే పాత కిట్‌కి ఇంకోటి దొరకడం కష్టం.
- గోరువెచ్చని సబ్బునీళ్లలో కడిగి ఆరబెట్టండి. జిడ్డు ఉంటే రంగు పట్టదు.
- డెకాల్స్ (నీళ్లలో నానబెట్టి అంటించే గుర్తుల స్టిక్కర్లు) దగ్గరే అసలు టెన్షన్. అక్కర్లేని చిన్న నంబరొకటి కత్తిరించి నీళ్లలో వేయండి. ముక్కలైతే మిగతా షీటుపై క్లియర్ వార్నిష్ కొట్టి, ఆరాక ఒక్కొక్కటీ అంచుల వెంట కత్తిరించుకోండి. పసుపెక్కితే జిప్ కవర్లో పెట్టి కిటికీ అద్దానికి అంటించండి, ఎండకి కొంత తెలుపొస్తుంది.
- అతికించకుండా టేపుతో బిగించి చూడండి. రెక్కల చివరి నుంచి చివరికి సుమారు 10 సెం.మీ. రావాలి.
- బాడీ మూసేలోపే ముక్కులో బరువు పెట్టండి. లేకపోతే తోక మీద కూలబడొచ్చు.
- కానోపీకి సూపర్ గ్లూ వద్దు, తెల్లగా పొగబారుతుంది. ఫెవికాల్ చాలు.
- గమ్, రంగు వాసన పోయేలా కిటికీలు తెరవండి. బ్లేడు కొత్తది వాడండి.