ఐబీఎస్ ఉన్నవారు బయటికెళ్లే భయాన్ని ఎలా తగ్గించుకోవాలి?

ఐబీఎస్ అంటే కడుపునొప్పితో పాటు విరేచనాలో, మలబద్ధకమో పదేపదే వేధించే పేగుల సమస్య. ఇందులో స్కాన్, రక్తపరీక్షలు మామూలుగానే వస్తాయి. దాంతో ఇంట్లోవాళ్లు "నీదంతా భయమే" అనేస్తారు. నొప్పి మాత్రం నిజమే. కడుపు మెలిపెడితే ఆందోళన మొదలవుతుంది, ఆందోళన పెరిగితే కడుపు ఇంకా కదులుతుంది. బయట ఉన్నప్పుడు బాత్‌రూమ్ అవసరమైతే ఎలా అన్న భయంతోనే ముందు బస్సు, తర్వాత పెళ్లిళ్లు, చివరికి స్నేహితులూ దూరమవుతారు.

1. ముందు డాక్టర్‌తో జబ్బు నిర్ధారించుకోండి. మలంలో రక్తం, బరువు తగ్గడం, రక్తహీనత, నిద్రలోంచి లేపే విరేచనాలు ఉంటే ఐబీఎస్ అని సరిపెట్టుకోవద్దు.

2. మానేసిన పనులన్నీ రాసి, ఒక్కోదానికి 0 నుంచి 10 వరకు భయం మార్కులు వేయండి. వీధి చివరి కొట్టు 2, మూడు స్టాపుల సిటీబస్సు 5, రాత్రి బస్సు 9 కావచ్చు. తక్కువ మార్కులున్నదాన్ని వారంలో నాలుగైదుసార్లు చేయండి. భయం సగానికి తగ్గాకే పై మెట్టెక్కండి. చాలామంది ఇక్కడే దెబ్బతింటారు: భయం బాగా పెరిగినప్పుడు మధ్యలో దిగి వెనక్కి వచ్చేస్తారు. వెనక్కి రావడం వల్లే గండం గడిచిందని మనసు నమ్మేస్తుంది, మర్నాడు గడప దాటడం ఇంకా కష్టమవుతుంది. కష్టంగా ఉంటే దిగి పక్కన కూర్చోండి, భయం కాస్త తగ్గాక ప్రయాణం కొనసాగించండి.

3. తిండి తినగానే పెద్దపేగు కదులుతుంది, పొద్దున ఇంకా ఎక్కువ. అందుకే టిఫిన్, కాఫీ బయల్దేరడానికి గంట, గంటన్నర ముందే ముగించండి. ప్రయాణమని రోజంతా పస్తుండి రాత్రి ఒకేసారి తింటే ఇబ్బంది పెరుగుతుంది. ఇంట్లో ఒకే బాత్‌రూమ్ ఉంటే అందరికంటే అరగంట ముందు లేవడం మేలు, తలుపు తడుతుంటే కడుపు సహకరించదు.

4. పొట్ట మీద చెయ్యి పెట్టుకుని 4 అంకెలు లెక్కపెడుతూ గాలి పీల్చి, 6 అంకెలు లెక్కపెడుతూ వదలండి. రోజుకు రెండుసార్లు, 5 నిమిషాల చొప్పున, ఇంట్లో నెమ్మదిగా ఉన్నప్పుడే సాధన చేయండి. మొదటిసారే బస్సులో ప్రయత్నిస్తే కుదరదు.

5. విందులో "ఇంకొంచెం వేయించుకోండి" అంటే మొహమాటపడొద్దు. "కడుపు సమస్య ఉందండీ, కొంచెం అన్నం, చారు చాలు" అనండి. ఉపవాసమని అబద్ధం చెబితే రేపు ఇంకోటి వెతుక్కోవాలి. ఆఫీసులో మేనేజర్‌కు వివరాలన్నీ అక్కర్లేదు, మీటింగ్ మధ్యలో లేవాల్సి రావచ్చని చెబితే చాలు.

దిగులు రెండు వారాలు దాటినా, ఉద్యోగానికి వెళ్లలేకపోతున్నా సైకాలజిస్టును కలవండి. ఐబీఎస్‌కు సీబీటీ (ఆలోచనలను, అలవాట్లను మార్చే మాటల చికిత్స) పనిచేస్తుంది. వెంటనే మాట్లాడాలంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ ఉచిత నంబరు 14416, తెలుగులోనూ మాట్లాడతారు.