కళింగపట్నం ఇసుకలో రోవర్ నడిపే ముందు

పోయిన ఆదివారం కళింగపట్నం తీరంలో ఒక కాలేజీ పిల్లలు చేసిన రోవర్, అంటే చక్రాల రోబో బండి, ఇసుక దిబ్బ ఎక్కుతుండగా ముందు చక్రం ఊడిపోయింది. 20 కిలోల బండి పక్కకు ఒరిగితే, పట్టుకోబోయిన అబ్బాయి వేళ్లు రెండు చితికాయి. సాయంత్రం ఆ హబ్, అంటే చక్రం నడిమి భాగం, నేనే విప్పాను. స్టీల్ బోల్టు కొత్తదానిలా మెరుస్తోంది. వాషర్ కింద అల్యూమినియం మాత్రం సున్నంలా తెల్లగా పొడి అయిపోయి, గోటితో గీకితే రాలిపోయింది. లోపల మరలే లేవు.

"అల్యూమినియం తుప్పు పట్టదు కదా సార్" అన్నాడు టీమ్ లీడర్.

పిల్లల కష్టాన్ని ముంచేది ఈ మాటే. ఏటా వింటున్నాను. ఎర్ర తుప్పు పట్టదు, నిజమే. దాని మీద పల్చటి ఆక్సైడ్ పొర ఉండి కాపాడుతుంది. ఉప్పు ఆ పొరను ఛేదిస్తుంది. పక్కన స్టీల్, మధ్యలో ఉప్పు తేమ ఉంటే అదొక చిన్న బ్యాటరీ. అందులో కరిగిపోయేది అల్యూమినియమే. బండిని బీరువాలో పెట్టి తాళం వేసినా ఆ పని ఆగదు, ఉప్పు గాలిలోని తేమను లాక్కుంటూనే ఉంటుంది. 2006 మార్చిలో పసిఫిక్‌లోని క్వాజలీన్ దీవుల నుంచి ఎగిరిన స్పేస్‌ఎక్స్ కంపెనీ మొదటి ఫాల్కన్ 1 రాకెట్ ఇంజిన్ అర నిమిషానికే ఆగిపోయింది. ఇంధన గొట్టం దగ్గరి అల్యూమినియం నట్టును ఉప్పుగాలి తినేసిందని తర్వాత తేల్చారు. ఒక్క నట్టు!

అంగారకుడి మీది నాసా రోవర్ క్యూరియాసిటీ చక్రాలకు పడిన చిల్లులు చూపించి అదీ ఇదీ ఒకటే అనుకోకండి. అక్కడ 0.75 మిల్లీమీటర్ల అల్యూమినియం రేకును చీల్చింది వాడి రాళ్లు. చంద్రుడి మీద మన చంద్రయాన్-3 రోవర్ ప్రజ్ఞాన్ తిరిగిన చోట గాలీ లేదు, నీరూ లేదు. గరుకు ధూళితో అరుగుదలే సమస్య. మనకు ఇసుక అరుగుదలా ఉంది, దాని మీద ఉప్పూ ఉంది. పైగా ముందున్నవి తుపాన్ల నెలలు.

బిగించేటప్పుడు: బోల్టు తల కింద నైలాన్ వాషర్ వేయండి. అదొక్కటే చాలదు, బోల్టు కాడ రంధ్రం గోడకు తగులుతుంది కాబట్టి ప్లాస్టిక్ స్లీవ్ కూడా తొడగాలి. మరలోకి దిగే బోల్టుకు గ్రీజు పూయండి. రాగి పొడి కలిసిన పేస్టు వద్దు, రాగి అల్యూమినియాన్ని ఇంకా తొందరగా తింటుంది.

తీరం నుంచి వచ్చాక: అదే రోజు కడగాలి, రేపు కాదు. ముందు బ్యాటరీ, ఎలక్ట్రానిక్ బోర్డులు తీసేయండి. తీరం పక్క బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి, వాటితో కడిగితే కడగనట్టే. మంచినీళ్లు వాడండి. పైప్ పెట్టి బేరింగ్‌లోకి కొట్టొద్దు, ఇసుక లోపలికి పోతుంది. పైపైన గుడ్డతో తుడిచి సరిపెట్టొద్దు, ఉప్పు ఉండేది వాషర్ కింద. విప్పి కడగండి. స్టీల్ పీచుతో రుద్దొద్దు. పూర్తిగా ఆరనివ్వండి. తడి బండికి పాలిథీన్ కవర్ చుట్టొద్దు. నెలకోసారి ప్రతి చక్రం బోల్టూ విప్పి చూడండి. అల్యూమినియం కదా అని వదలొద్దు. స్టీల్ బోల్టు మెరుస్తోందని నమ్మొద్దు. తెల్ల పొడి రాలిన హబ్‌ను గీకి మళ్లీ బిగించొద్దు, మార్చండి. మార్చేదాకా ఆ బండి పక్కన ఎవరినీ నిలబెట్టొద్దు.