జీనోముకు సెన్సిటివిటీ రిపోర్టును జతచేయడం ఎలా?

విజయవాడ, గుంటూరు ఆసుపత్రుల ల్యాబుల్లో కల్చర్ సెన్సిటివిటీ రిపోర్టులు (రోగి నమూనాలో పెరిగిన బ్యాక్టీరియాపై ఏ యాంటీబయాటిక్ పనిచేస్తుందో చెప్పేవి) రోజూ తయారవుతూనే ఉంటాయి. వాటిలో ఏ బ్యాక్టీరియానైనా జీనోము సీక్వెన్సింగుకు, అంటే దాని డీఎన్ఏ మొత్తాన్ని చదివించడానికి, పంపదలిస్తే, పనిని కంప్యూటరు దగ్గర కాక ప్లేటు దగ్గరే మొదలుపెట్టాలి. ఒకే కాలనీని (ప్లేటు మీద చుక్కలా పెరిగిన బ్యాక్టీరియా గుంపును) తీసి పెంచి, ఆ పెరుగుదల నుంచే సెన్సిటివిటీ పరీక్ష, డీఎన్ఏ, గ్లిసరాల్ స్టాకు (గడ్డకట్టించి దాచే నమూనా) మూడూ సిద్ధం చేసుకోవాలి. ఎందుకంటే పదేపదే సబ్‌కల్చర్ చేసినప్పుడు (కొత్త ప్లేటుకు మార్చి పెంచినప్పుడు) మందులకు నిరోధకతనిచ్చే ఎన్‌డీఎం వంటి జన్యువును మోసే ప్లాస్మిడ్ (విడిగా ఉండే చిన్న డీఎన్ఏ ముక్క) జారిపోవచ్చు.

మూడింటికీ ఒకే నంబరు వేయాలి. మా పట్టికలో ఒకసారి 0047 అనే నంబరును ఎక్సెల్ 47గా మార్చేసింది. జీనోము ఫైలు పేరులో మాత్రం సున్నాలు అలాగే ఉండటంతో రెండూ కలవలేదు. అప్పటి నుంచి ఆ గడిని ముందుగానే టెక్స్ట్‌గా మార్చి పెడుతున్నాము.

పట్టికలో ఎస్ (మందుకు లొంగుతుంది), ఐ (మధ్యస్థం), ఆర్ (లొంగదు) అక్షరాలతో సరిపెట్టుకోవడం పెద్ద పొరపాటని నా గట్టి అభిప్రాయం. సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్‌కు ఎంఐసీ (పెరుగుదలను ఆపే కనీస మోతాదు) 1 వచ్చిన ఈ.కోలై బ్యాక్టీరియా 2018 నాటి సీఎల్ఎస్ఐ (ఈ హద్దులను నిర్ణయించే సంస్థ) పట్టిక ప్రకారం ఎస్, 2019 పట్టిక ప్రకారం ఆర్. బ్యాక్టీరియా మారలేదు, గీత మారింది. అందువల్ల ఎంఐసీ అంకె, దాని ముందున్న '≤' లేదా '≥' గుర్తు, కొలత ప్రమాణం (లీటరుకు మిల్లీగ్రాములా, మిల్లీమీటర్లా అన్నది), పరీక్షా పద్ధతి, ప్రామాణిక పట్టిక పేరు, సంవత్సరం వేర్వేరు గడుల్లో రాయాలి. జీనోములను భద్రపరిచే అమెరికా డేటాబేసు ఎన్‌సీబీఐలో బయోశాంపిల్‌కు (నమూనా వివరాల నమోదుకు) జతచేసే యాంటీబయోగ్రామ్ అనే సెన్సిటివిటీ పట్టిక కూడా దాదాపు ఈ వివరాలనే అడుగుతుంది.

జీనోములో నిరోధకతనిచ్చే జన్యువులను వెతకడానికి ఏఎంఆర్‌ఫైండర్‌ప్లస్ అనే సాఫ్ట్‌వేర్ వాడేటప్పుడు బ్యాక్టీరియా పేరును తప్పక ఇవ్వాలి. ఇవ్వకపోతే జైరేజ్ జన్యువులోని ఉత్పరివర్తనలను అది చూడదు. సిప్రోఫ్లాక్సాసిన్ నిరోధకతకు కారణం చాలాసార్లు అక్కడే ఉంటుంది.

జన్యువు, పరీక్ష ఒకదానితో ఒకటి పొసగనప్పుడే అసలు శ్రద్ధ అవసరం. కోలిస్టిన్ అనే యాంటీబయాటిక్‌కు ఆర్ వచ్చిన క్లెబ్సియెల్లా బ్యాక్టీరియాలో దానికి నిరోధకతనిచ్చే ఎంసీఆర్ జన్యువు కనిపించకపోతే, ముందుగా పరీక్షను బ్రాత్ మైక్రోడైల్యూషన్ (మందును ద్రవంలో అంచెలంచెలుగా పలుచన చేసి చూసే) పద్ధతిలోనే చేశారా అని చూడాలి; చేసి ఉంటే, చెడితే కోలిస్టిన్ నిరోధకతకు దారితీసే ఎంజీఆర్‌బీ జన్యువు మధ్యలో వేరే డీఎన్ఏ ముక్క దూరి దాన్ని పాడుచేసిందేమో పరిశీలించాలి. అప్పటికీ తేలకపోతే గ్లిసరాల్ స్టాకు నుంచి మళ్లీ పెంచి సెన్సిటివిటీ పరీక్ష, సీక్వెన్సింగు రెండూ తిరిగి చేయాలి. పాత ఫలితాన్ని చెరిపేయకుండా, కొత్తదాన్ని తేదీతో సహా దాని కింది వరుసలో చేర్చాలి.