ఏరియా పేజీలు గూగుల్‌లో కనిపించకపోతే

రియల్ ఎస్టేట్ సైట్‌లో ఒక్కో కాలనీకి ఒక్కో పేజీ పెట్టారు. నెలలు గడిచినా సెర్చ్‌లో ఒక్కటీ రావట్లేదు. ముందు సెర్చ్ కన్సోల్‌లో (సైట్ ఓనర్లకు గూగుల్ ఇచ్చే ఉచిత టూల్) పేజీ ఇండెక్సింగ్ రిపోర్ట్ తెరవండి. ఏ పేజీ ఎందుకు ఆగిందో అందులో ఉంటుంది.

సమస్య: 'క్రాల్ అయింది, ఇండెక్స్ కాలేదు'

గూగుల్ వచ్చి చూసింది, కానీ పేజీని తన జాబితాలో చేర్చుకోలేదు. నేను చూసినంతలో చాలాసార్లు కారణం ఒక్కటే: అన్ని పేజీలూ ఒకే అచ్చు, కాలనీ పేరు మాత్రమే తేడా. సెర్చ్ కోసమే ఇలా కుప్పలుగా చేసే పేజీలను గూగుల్ 'డోర్‌వే' అంటుంది, స్పామ్ కింద లెక్కేస్తుంది.

పరిష్కారానికి ఒక చిన్న పరీక్ష ఉంది. ప్రతి వాక్యంలో కాలనీ పేరు తీసి పక్క కాలనీ పేరు పెట్టి చదవండి. 'అన్ని సౌకర్యాలకూ దగ్గర్లో ఉన్న ప్రశాంతమైన ప్రాంతం' అన్నది ఎక్కడైనా సరిపోతుంది, కొట్టేయండి. 'ఉదయం ఎనిమిది దాటితే రెండో గేటు ముందు స్కూల్ బస్సులు ఆగుతాయి, కారు బయటికి తీయడం కష్టం' అన్నది అక్కడికే చెల్లుతుంది, ఉంచండి. ఇలాంటి మాట దొరకాలంటే అక్కడ నడవాలి, వాచ్‌మన్‌తోనో ఏళ్లుగా ఉంటున్నవాళ్లతోనో మాట్లాడాలి. నీళ్లు, పార్కింగ్, వాన పడితే నీరు నిలిచే చోటు... ఇల్లు కొనేవాళ్ల అసలు టెన్షన్ వీటి గురించే. లోపాలు కూడా రాయండి, దాచకండి. జీవితకాలపు పొదుపు పెట్టేవాళ్లు అది చదువుతారు. యాభై పేజీలకు సమాచారం లేకపోతే ఐదే పెట్టండి.

సమస్య: 'కనుగొన్నాం, ఇండెక్స్ కాలేదు'

ఇక్కడ గూగుల్ ఇంకా పేజీ తెరవనేలేదు. తరచుగా ఆ పేజీకి సైట్‌మ్యాప్ (గూగుల్‌కి ఇచ్చే పేజీల జాబితా) తప్ప వేరే దారి ఉండదు. నగరం పేజీ నుంచి, ఆ కాలనీలోని ప్రతి ఇంటి పేజీ నుంచి లింక్ ఇవ్వండి.

సమస్య: 'సాఫ్ట్ 404'

పేజీ తెరుచుకున్నా, గూగుల్ దాన్ని లేని పేజీ కింద లెక్కేసిందని అర్థం. అమ్మకానికి ఇళ్లు లేనప్పుడు పేజీలో 'ఏమీ దొరకలేదు' ఒక్కటే మిగిలితే ఇది వస్తుంది. పేజీ తీసేయకండి. కాలనీ వివరాలు అలాగే ఉంచి, కింద పక్క కాలనీల ఇళ్లు చూపండి.

సమస్య: ఫోన్‌లో పేజీ నెమ్మది

మొదట మ్యాప్‌ను అనుమానించండి. దాని బదులు ఒక బొమ్మ పెట్టి, నొక్కితేనే అసలు మ్యాప్ తెరుచుకునేలా చేయండి. పైనుండే పెద్ద ఫొటో సైజు తగ్గించండి. పేజీలోని ముఖ్యమైన భాగం 2.5 సెకన్లలోపు కనిపించాలి.