బోరు వేయకముందే రాతి లోతును లెక్కగట్టడం ఎలా?

వరంగల్ చుట్టుపక్కల నేల అడుగున ఎక్కువగా గ్రానైటే కనుక, పైనుంచి కొలిచి లోపలి పొరలను తేల్చే విలోమ సమస్య ఇక్కడి రైతుకు ప్రాణావసరం. సీటీ స్కాన్‌లోనూ ఇదే తరహా గణితం పనిచేస్తుంది.

నాలుగు కడ్డీలను వరుసగా సమాన దూరంలో పాతి, బయటి రెండింటి గుండా విద్యుత్తు పంపి, లోపలి రెండింటి మధ్య వోల్టేజీని కొలవండి. దానిని విద్యుత్ ప్రవాహంతో భాగించి, 6.28తోనూ పక్కపక్క కడ్డీల మధ్య దూరంతోనూ గుణించండి. వచ్చేది అక్కడి నేల మొత్తమ్మీద చూపే విశిష్ట నిరోధం, అంటే విద్యుత్తును ఎంతగా అడ్డుకుంటుందో చెప్పే విలువ. మరింత లోతు పొరల ప్రభావమూ తెలిసేలా, దూరం పెంచుతూ మళ్లీ కొలవండి.

తర్వాత మట్టి, మొరం, రాయి పొరల మందాలనూ విశిష్ట నిరోధాలనూ ఊహించి, ఆ ఊహ ప్రకారం రావలసిన విలువలను అసలు కొలతలతో పోల్చి సవరించండి. అసలు చిక్కు ఇక్కడే ఉంది: ఎక్కువ నిరోధమున్న పొరల నడుమ పలుచని తడి పొర ఉంటే, దాని మందమూ విశిష్ట నిరోధమూ రెండూ ఒకేసారి రెట్టింపైనా కొలతలు దాదాపు మారవు. అందుకే పక్క బోరులో తేలిన రాతి లోతును ఆ ఊహకు ఆధారంగా తప్పక తీసుకోండి.